రోజూ శనివారమే

మా ఇళ్లు నీళ్ల మీద తేలుతూ మడచెట్లకు కట్టి ఉంటాయి. వారానికోసారి సహాయ సంస్థ డ్రోను వాలి, బియ్యంతోపాటు వంటకోసం ఎండ వేడిని దాచుకున్న పొయ్యిబిళ్లలు ఇచ్చేది.

ఈసారి డ్రోను, "నిధులు తగ్గాయమ్మా. ఇక బియ్యమే. వంటచెరకు మీరే చూసుకోండి" అంది.

మా కోడలు శేషుకుమారి కత్తి తీసింది. "రెండు కొమ్మలేగా అత్తయ్యా!"

"నూరిళ్ల వాళ్లూ తలా రెండు కొట్టుకుంటే, తుఫానులో మనల్ని పట్టుకునేదెవరే?"

డ్రోను వైపు తిరిగాను. "బియ్యం బదులు అటుకులు తెస్తావా తల్లీ? నానబెట్టుకుంటే చాలు, పొయ్యి అక్కర్లేదు."

"తెస్తాను" అంది.

"అయితే రోజూ శనివారం ఫలహారమేనా?" కోడలు మూతి ముడుచుకుంది.

"వెంకన్న కోసం వారానికో పూట ఉపవాసం ఉంటున్నాం. చెట్టు కోసం రోజూ ఉంటే ఆయన కాదంటాడా?" అన్నాను.

సాయంత్రం పోటుకు ఇల్లు ఊయలలా మెల్లగా లేచింది. కోడలు కత్తి లోపల పెట్టి, చెట్టుకున్న తాడును ఇంకో చుట్టు బిగించింది.