నల్లకారు మీద గీతలు

రాత్రికి సారు ప్రయాణం. ఆయన చూసేలోపు నల్లకారు మీది గీతలు పోగొట్టకపోతే డ్రైవరుగా నా పని అయిపోయినట్టే.

మా షెడ్డులో బల్బు వేసి బానెట్‌కి మళ్లీ పాలిష్ పట్టాను. అందులో కనబడే బల్బు చుట్టూ సన్నటి గీతలు రింగులు రింగులుగా అలాగే ఉన్నాయి. ఇంకాస్త రుద్దితే రంగే లేచిపోతుంది.

మా ఆవిడ వచ్చి వంగి చూసింది.

"గీతలెక్కడండీ? అద్దంలా ఉంటేనూ!"

"బల్బు చుట్టూ రింగులు కనబడట్లా?"

"మీదంతా చాదస్తం. ఒక్కటీ లేదు."

తలెత్తి అసలు బల్బు వైపు చూశాను. దాని చుట్టూ కూడా అవే రింగులు. కళ్లు నులుముకున్నాను. పోలేదు.

"ఇక చాల్లెండి," అంది ఆవిడ. "తెల్లార్లూ హైవే మీద బండి నడపాలి. కాసేపు నడుం వాల్చండి."