పెద్దల్లుడి వాటా

రఘువీర్ చేసిన అన్యాయాన్ని కోటయ్య చచ్చినా మర్చిపోడు. ఇద్దరూ ఒకే ఇంటి అల్లుళ్లు. మామగారు వదిలిపోయిన ఎకరం మాగాణిని, అక్కచెల్లెళ్లిద్దరి చేతా సంతకాలు పెట్టించి, చిన్నల్లుడు రఘువీర్ అమ్మేశాడు. ఆ డబ్బుతో బర్మింగ్‌హామ్‌లో ఇల్లు కొన్నాడు. పెద్దల్లుడికి దక్కింది "మీ వాటా ఎక్కడికీ పోదన్నయ్యా" అన్న ముక్కొక్కటే. ఆ ముక్క పట్టుకునే కోటయ్య మిల్టన్ కీన్స్ గోడౌన్‌లో ఇప్పటికీ అట్టపెట్టెలు మోస్తున్నాడు.

అందుకే రెండు కుటుంబాలకూ ప్రాగ్ టికెట్లు తనే కొన్నాడు. శని, ఆదివారాలు రెండిళ్లకూ తాళాలు.

"టీవీల జోలికి పోకు" అని, గోడౌన్‌లో తనతోపాటు పనిచేసే చక్రికి ముందే పాఠం చెప్పాడు. "మనోళ్ల బంగారం బీరువాల్లో ఉండదు. పప్పుడబ్బాలన్నీ ఒలకబొయ్యి, మా మరదలి నగలు దొరుకుతయ్. సగం నీకు, సగం నాకు. అది కాగానే మా ఇల్లు కూడా పగలగొట్టు. లేకపోతే అనుమానం నామీదికొస్తది."

"మీ ఇంట్లో ఏం తీసుకోమంటారు అంకుల్?"

"ఏం దొరికితే అది నీదే. ఆవకాయ దొరుకుద్ది! అక్కడా డబ్బాలన్నీ ఒలకబొయ్యి. చూసినోడు నమ్మాలిగా."

విమానాశ్రయం దగ్గరని, శుక్రవారం రాత్రి రఘువీర్ వాళ్లు కోటయ్య ఇంట్లోనే పడుకున్నారు. మరదలు జయలక్ష్మి తెల్లారకముందే లేచి, వంటింట్లో చేరి అందరికీ పులిహోర కలిపింది.

ఆదివారం మధ్యాహ్నం ప్రాగ్‌లో, పాత గడియారం కింద జనం మెడలెత్తి నిలబడ్డారు. గంట కొట్టే వేళకు పైనున్న అస్థిపంజరం బొమ్మ తాడు లాగుతుందట. కోటయ్య ఫోన్ మోగింది. నాలుగడుగులు పక్కకెళ్లాడు.

"అంకుల్, బర్మింగ్‌హామ్‌లో కందిపప్పు తప్ప ఏం లేదు" అన్నాడు చక్రి.

కోటయ్య ప్రాణం ఉసూరుమంది. "మరి మా ఇల్లు?"

"అయిపోయింది. మాట ప్రకారం అక్కడిది నాదే కదా? దేవుడిలాంటోరు అంకుల్ మీరు. ఉంటా!"

ఫోన్ పెట్టేశాడు. ఆవకాయకే ఇంత సంబరమా, వెర్రి సన్నాసి అనుకున్నాడు కోటయ్య.

తిరిగొచ్చేసరికి రఘువీర్ తలొంచుకుని నిలబడి ఉన్నాడు.

"నిజం చెప్తున్నా అన్నయ్యా. మీ వాటా ఎగ్గొడదామనే అనుకున్నా. అలాంటిది, మీరే మా అందరికీ టికెట్లు కొన్నారు. తల కొట్టేసినట్టయింది. చేతిలో డబ్బు లేదు. జయ నగలన్నీ కరిగించి వదినగారికి వడ్డాణం చేయించా."

కోటయ్య భార్య విజయ చెల్లెల్ని పట్టుకుని కళ్లొత్తుకుంది. కోటయ్య గబుక్కున ముందుకొచ్చాడు.

"ఏదీ? తెచ్చారా?"

పైన అస్థిపంజరం తాడు లాగింది. గంట మోగింది.

"ఇక్కడికి తెస్తానా బావగారూ, అసలే దొంగల భయం!" జయలక్ష్మి పకపకా నవ్వింది. "రేపు దోసెలకు నానబోసేటప్పుడు అక్క చేతికి తగలాలని మీ మినప్పప్పు డబ్బాలో దాచొచ్చా. ముప్పై రెండు కాసులు!"