నలుపు తగ్గొద్దు

"ముఖం మాత్రం నల్లగనే ఉండాలె చెల్లె. జర్రంత నలుపు తగ్గినా పని చెడిపోతది" అన్నాడు పూల్‌సింగ్, కౌంటర్ మీదికి వంగి.

ఏన్కూరు సెంటర్లోని ఆ ఫ్లెక్సీ షాపులో నాలుగేళ్లుగా డిజైనర్‌గా చేస్తున్న అరుణశ్రీకి ఇలాంటి ఆర్డరు ఇదే మొదటిసారి. వచ్చే వాళ్లందరికీ తెల్లబడటమే కావాలి. పుట్టినరోజు నాయకులు, కొత్త పెళ్లికొడుకులు, ఆఖరికి పెద్దకర్మ ఫ్లెక్సీల్లో తాతలు కూడా పాలల్లో మునిగి లేచినట్టు ఉండాల్సిందే. అందుకోసం ఆమె కంప్యూటర్లో ఒక మీట ప్రత్యేకంగా పెట్టుకుంది. నొక్కితే చాలు, మచ్చలు మాయమై బుగ్గలు గులాబీ రంగుకు తిరుగుతాయి.

"అంత అవసరమేమొచ్చిందన్నా?" అంది.

పూల్‌సింగ్ గొంతు తగ్గించాడు. తండా అవతల, అడవి అంచున అతనికి రెండెకరాలుంది. దాని మీద ఓ ముఠా కన్ను పడింది.

"నలభై దాక ఉన్నరు. ఒక్కసారి దిగిన్రంటే రెండెకరాలు పోయినట్టే. మా ఇంటామె ద్వాలి పది రోజులసంది కట్టె పట్టుకొని ఆడనే కాపలా ఉంటున్నది. నిన్న ఒకడు ఆమె చేతుల సద్దిగిన్నె గుంజుకొని పోయిండు. ఎంత ధైర్యం సూడు!"

"అయ్యో!"

"నిరుడు ఈ ఫొటోల ఉన్నోన్ని కిరాయికి తెచ్చిన. ఏం చెయ్యలే, ఉట్టిగ కూసున్నడు. ఒక్కడు అటు తొంగి చూడలే. ఈసారి తెస్తే కేసైతదన్నరు. గందుకే ఫొటో."

ఫొటో వాట్సాప్‌లో వచ్చింది. పెద్దది చేయగానే ముఖమంతా గళ్లు గళ్లుగా విరిగిపోయింది. అరుణశ్రీ తల కొట్టుకుని, ఫొటోను డాక్యుమెంట్ లాగా మళ్లీ పంపించుకుంది. ఈసారి కనుబొమ్మల వెంట్రుకలు కూడా లెక్కపెట్టేంత స్పష్టంగా ఉంది. కోపంగా, పళ్లు బయటపెట్టి నేరుగా కెమెరాలోకే చూస్తున్న ఫొటో.

"సైజు?"

"వాడు ఉన్నంత సైజే. పెద్దగ చేస్తే ఉత్తదని తెలిసిపోతది, వాళ్లు శానా తెలివైనోళ్లు. పేరు గీరు ఏం రాయకు. వాళ్లకు చదువు రాదు."

ఆ రోజు షాపులో ఊపిరాడని పని. ఒకే నాయకుడి పుట్టినరోజుకు పద్నాలుగు ఫ్లెక్సీలు. అరుణశ్రీ ఫైళ్లన్నీ వరసగా పెట్టి, అలవాటు కొద్దీ మీట నొక్కేసింది. వాటిలో పూల్‌సింగ్ ఫైలు కూడా ఉందన్న సంగతి, మెషిన్ నడిపే శ్రీశైలం అడుగు ముక్క శాంపిల్ తీసి ఎత్తి చూపేదాకా ఎవరికీ తెలియలేదు. తెల్లటి ముఖం, గులాబీ బుగ్గలు, మెరిసే పళ్లు.

పూల్‌సింగ్ ఆ ముక్కను చేతిలోకి లాక్కుని చూశాడు.

"గీన్ని చూస్తే వాళ్లు భయపడరు చెల్లె. పిల్లనిస్తరు!"

షాపంతా పొట్ట చేత్తో పట్టుకుని నవ్వింది. అరుణశ్రీకి నవ్వూ వచ్చింది, సిగ్గూ వచ్చింది, ఆపైన పట్టుదల వచ్చింది.

ఈసారి మీట నొక్కకుండా మళ్లీ కొట్టించింది. కంప్యూటర్లో ముఖం బొగ్గులా నిగనిగలాడింది. ఫ్లెక్సీ మీద బూడిదలా పాలిపోయింది. కంప్యూటర్ వెలుగుతో రంగు చూపిస్తుంది, మెషిన్‌కు ఉన్నది సిరా మాత్రమే. నల్ల సిరా ఒక్కటే పడితే ఎండలో అంతే.

"జరమొచ్చి లేచినట్టున్నడు" అన్నాడు పూల్‌సింగ్ దిగాలుగా.

అంతలో అతని ఫోన్ మోగింది. స్పీకర్ నొక్కకుండానే ద్వాలి గొంతు షాపంతా వినిపించింది. "ఎంతసేపు? జల్దీ రా! ఒకడు గట్టు మీద కూసొని నన్నే చూస్తున్నడు!"

అరుణశ్రీ కుర్చీ ముందుకు జరుపుకుంది. నలుపు కింద నీలం వేసింది, కొంచెం ఎరుపు, చిటికెడు పసుపు కలిపింది.

"నాలుగు రంగులూ నిండుగ గుప్పిస్తే ఆరదు. ఫ్లెక్సీ చుట్టినంక ముఖం పోయి వీపుకు అంటుకుంటది" అని శ్రీశైలం హెచ్చరించాడు.

ఒక్కో రంగూ కొంచెం కొంచెం తగ్గిస్తూ వచ్చింది. మూడో ముక్క నీలిగా వచ్చింది. నాలుగోది వంకాయలా వచ్చింది. ఐదో ముక్కను రోడ్డు మీదికి పట్టుకెళ్లి ఎండలో చూసింది. పూల్‌సింగ్ వెనకే పరుగెత్తాడు.

"వాడే! అచ్చం వాడే!" అని రోడ్డు మధ్యలో గంతేశాడు. తల్లాడ బస్సు హారన్ కొట్టినా పక్కకు జరగలేదు.

పూర్తి ఫ్లెక్సీ కొట్టి, ఆరడానికి గుమ్మం పక్కన వేలాడదీశారు. టీ తెస్తున్న శ్రీశైలం తలెత్తి దాని ముఖంలోకి చూశాడు. కెవ్వుమని రెండడుగులు వెనక్కి వేశాడు. టీ అంతా చొక్కా మీద పడింది.

"ఇగ సాలు, ఫైనల్!" అని అరుణశ్రీ చప్పట్లు కొట్టింది.

మర్నాడు పొద్దున ఆమెకు ఏ పనీ తోచలేదు. ఆ రెండెకరాలు తనవే అయినట్టు మాటిమాటికీ ఫోన్ చూసుకుంది. తొమ్మిదింటికి ఫోన్ వచ్చింది.

"వచ్చిన్రు చెల్లె! నలభై మందీ వచ్చిన్రు!" పూల్‌సింగ్ రొప్పుతున్నాడు. "ముందుగాల పెద్దోడు చూసిండు. ఆగిండు. ఇంకో అడుగేసిండు, మళ్ల ఆగిండు..."

"తర్వాతేమైందన్నా? జల్దీ చెప్పు!"

"నేను చెప్పుడేంది, వీడియో పంపిన చూడు!" అన్నాడు. వెనకాల ద్వాలి పగలబడి నవ్వుతోంది.

అరుణశ్రీ గబగబా వీడియో తెరిచింది.

మక్కచేను గట్టున కర్రలకు కట్టిన ఫ్లెక్సీలోని కొండముచ్చును చూసి, నలభై కోతులు తోకలు పైకెత్తి, ఒకదాన్నొకటి తొక్కుకుంటూ అడవిలోకి పరుగెడుతున్నాయి.