బరువు లేని బస్తా

గుంటూరు మిర్చి గోదాముల్లో పైన పెట్టిన బస్తాల బరువు తీసేసే పలకలు నేలంతా పరిచాక, ఎంత పెద్ద బస్తానైనా కూలీలు ఒంటిచేత్తో నెట్టేస్తున్నారు. అలా జోరుగా వచ్చిన బస్తా ఒకటి సువార్తమ్మ భర్త ఏసోబును గోడకేసి నొక్కి చంపింది.

“బరువే లేని బస్తా మనిషినెట్టా చంపుద్దమ్మా? గుండె ఆగుంటది,” అన్నాడు మేనేజరు.

“పక్కటెముకలు నుజ్జయినయ్యి, మీరూ చూశారుగా అయ్యా,” అంది సువార్తమ్మ.

పొట్ట గడవక ఆమె మళ్లీ ఆ గోదాములోనే పనికి కుదిరింది. ఒకరోజు ఇంకో బస్తా అలాగే దూసుకొచ్చింది. పక్కనున్న కూలీని లాక్కుని ఆమె తప్పుకుంది. బస్తా తగిలి గోడ నిలువునా బీటలు వారింది. మేనేజరు పరుగున వచ్చి బీటను చేత్తో తడిమి చూసుకున్నాడు.

సాయంత్రానికల్లా అక్కడ బోర్డు వెలిసింది: “గోడలు దెబ్బతింటున్నవి. బస్తాలు మెల్లగా నెట్టవలెను.”

సువార్తమ్మ దాన్ని కూడబలుక్కుని చదివి, కొంగు నోట్లో కుక్కుకుంది.