ఎర్ర రిబ్బను ముక్కలు

షియోరీ, నీకు కాబోయే మొగుడు స్కీయింగ్‌లో దిట్ట అని ఫోన్‌లో చెప్పావు. దిద్దుకో. కొహేయ్ దిట్ట అయింది స్కీయింగ్ దుస్తులు కొనడంలో.

మన కొండ మీద నడుములోతు పొడిమంచు పడింది. "స్కీలకు ఎర్ర రిబ్బను కట్టుకో నాయనా, ఊడి మునిగితే మే నెల దాకా కనబడవు" అన్నాను. "అవి చిన్నపిల్లలకండీ, అమ్మమ్మగారూ" అని నవ్వాడు.

మధ్యాహ్నం మహారాజు ఒంటి స్కీతో దిగాడు. ఎన్నిసార్లు పడ్డాడో వెనకే వస్తూ లెక్కపెట్టాను, ఇరవై దాటాక విసుగొచ్చింది. కొండ కింద స్కీ లిఫ్టు దగ్గర ఊరంతా చూసింది. "టోక్యోలో ఇలాగే నేర్పుతారా?" అన్నాను. "లేదండీ, ఇది ఇక్కడే నేర్చుకున్నా" అన్నాడు, పళ్ళు టకటకలాడుతుండగా.

అతన్ని చూశాకే పెళ్ళికి సరే అంటానన్నాను కదా, కాబట్టి ఆ స్కీ ఎలా పోయిందో కూడా రాయాలి. చెట్టు మొదట్లో మంచు గుల్లగా ఉంటుంది, దూరంగా పొమ్మని అరవై ఏళ్ళుగా అందరికీ చెప్పే ముసలావిడ ఒకతె అందులోనే పడింది. కొమ్మల మీది మంచు కూలి ఆవిణ్ణి కప్పేసింది. ఆవిడ స్కీలకూ రిబ్బను లేదు, ఎక్కడుందో తెలియడానికి. అతను తన స్కీ ఒకటి విప్పి, దాన్నే పారలా పట్టుకుని తవ్వాడు. నా చెయ్యి దొరకగానే స్కీని పక్కనున్న మంచులోకి విసిరేసి, రెండు చేతులా లాగాడు.

పెళ్ళి తేదీ చూసుకోండి. వచ్చేటప్పుడు రెండు బారల ఎర్ర రిబ్బను ముక్కలు నాలుగు తీసుకురా. రెండు అతనికి, రెండు నాకు. మీ అమ్మ అడిగితే మాత్రం నాలుగూ అతనికే అని చెప్పు.