రోకలికి చాక్లెట్

దూఫీ రోకలికి ఆ శుక్రవారంతో ఆయువు తీరేలా ఉంది.

ఊరి రాజు నానా బోవాటెన్ ఇంటి గోడ పక్కనే ఆమె ఫుఫూ కొట్టు. కర్రపెండలం, అరటికాయ ఉడకబెట్టి బాగా దంచితేనే ఫుఫూ. ఆమె దంచేదీ మధ్యాహ్నమే, నానా కునుకు తీసేదీ మధ్యాహ్నమే.

పోయిన పంచాయితీలో నానా గట్టిగానే చెప్పించారు. చెప్పించారంటే, మా రాజులు జనంతో నేరుగా మాట్లాడరు. చెప్పాల్సింది లోగొంతుతో గొణిగి, లేచి లోపలికి వెళ్లిపోతారు. కర్ర పట్టుకుని పక్కన నిలబడే నోటిమనిషి దార్కో ఆ మాట జనానికి వినిపిస్తాడు.

"చప్పుడు ఆగకపోతే వచ్చే శుక్రవారం పంచాయితీలో కొట్టు లేపేయిస్తారట," అన్నాడు దార్కో ఆ రోజు, నిమ్మకాయ నమిలిన మొహంతో.

కొట్టు లేకపోతే దూఫీకి వేరే బతుకుతెరువు లేదు.

చెల్లెలు సెర్వా కుమాసీ పట్నంలో నర్సు. సంగతి విని ఊరికొచ్చి, సంచీలోంచి పెద్ద చాక్లెట్ బిళ్ల తీసింది.

"ఇది తింటే మెదడులో ఏదో రసం ఊరుతుందట అక్కా. ఎంత కోపిష్టయినా చల్లబడతాడట."

"కోకో తోటలో పుట్టి పెరిగాం. మన నాన్నకి ఎప్పుడైనా ఊరిందటే, ఆ రసం?"

"నాన్న గింజలు అమ్మాడు గానీ చాక్లెట్ ఎప్పుడు తిన్నాడు?"

దూఫీ బిళ్లని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

శుక్రవారం పొద్దున్నే ఇద్దరూ నానా ఇంటికి వెళ్లారు. నానా చేతికి ఎవరూ నేరుగా ఏదీ ఇవ్వకూడదు. అందుకని బిళ్లని దార్కో చేతిలో పెట్టారు.

"పంచాయితీకి ముందే తినిపించు బాబాయ్. నీకు పుణ్యం ఉంటుంది," అంది దూఫీ.

దార్కో లోపలికి వెళ్లి కాసేపటికి వచ్చాడు.

"ఏమన్నారు?"

"అమోఘంగా ఉందన్నారు. ఇంకోటి ఉందేమో కనుక్కోమన్నారు."

సెర్వా తన కోసం దాచుకున్నది కూడా ఇచ్చేసింది.

పంచాయితీ మొదలైంది. దూఫీ చెప్పులు విడిచి, తల వంచుకుని నిలబడింది. నానా గొణగడం మొదలుపెట్టారు. చాలాసేపు గొణిగారు. కాళ్ల కింది పీటని ఒక్క తన్ను తన్నారు. మెడ నరాలు ఉబ్బాయి.

"ఊరుతోంది," అంది సెర్వా, అక్క చెవిలో.

"ఊరడమంటే ఇదా? కొట్టేట్టున్నారే."

"మొదట్లో కాస్త వేడి చేస్తుందిలే."

నానా విసురుగా లేచి లోపలికి వెళ్లిపోయారు. డప్పులు మోగి ఆగాయి. దార్కో కర్ర పైకెత్తాడు.

"వినండి. దూఫీ రోకలి చప్పుడు నానాకి జోలపాట లాంటిదట. దంచుకో తల్లీ. ఒక్కటి చాలకపోతే రెండోది కూడా పెట్టుకోమంటున్నారు."

జనం గొల్లున నవ్వారు. దూఫీ కళ్లు తుడుచుకుంటూ, నానా వెళ్లిన గుమ్మం వైపు నేల దాకా వంగింది.

"ఇప్పుడేమంటావు?" అంది సెర్వా.

"ఆ రసం మీ బావక్కూడా కాస్త పట్టించాలే," అంది దూఫీ.

పక్కింట్లో ఇంకో రోకలి అడిగి తెచ్చుకుని, ఆ మధ్యాహ్నమే అక్కాచెల్లెళ్లిద్దరూ జోరుగా దంచడం మొదలుపెట్టారు.

గోడకి అవతల నానా కునుకులోంచి ఉలిక్కిపడి లేచి, దార్కో మీసానికి అంటుకున్న చాక్లెట్ వంక చూస్తూ, "ఉన్న ఒక్క రోకలి విరగ్గొట్టించమంటే రెండెలా అయ్యాయిరా?" అన్నారు.