చివరి గిన్నె చప్పుడు

పోయిన మనిషి గుండె చప్పుడు మళ్లీ వినే భాగ్యం ఎందరికి దక్కుతుంది? ప్రయోగశాలలో పనిచేసే ఆమెకు దక్కింది. భర్త బతికుండగా ఇచ్చిన చర్మపు ముక్క నుంచి పెంచిన గుండె కణాలు గాజు గిన్నెలో కొట్టుకునేవి. కణం పొరలోని సన్నని ద్వారాలు తెరుచుకుని సోడియం లోపలికి దూరినప్పుడల్లా విద్యుత్తు కదిలి, తీగకు తగిలించిన స్పీకర్ టక్కుమనేది. అతని జబ్బల్లా ఆ ద్వారాలు ఆలస్యంగా మూసుకోవడమే. అందుకే అతని గుండెలాగే ఇవీ మూడుసార్లు కొట్టి నాలుగోది మింగేసేవి. అతని ఎదమీద తల ఆనించి ఆ లెక్క వింటూనే ఆమె పదేళ్లు నిద్రపోయింది.

ఇక మిగిలింది ఒక్క గిన్నె. ప్రయోగం ముగిసింది, ఈ రాత్రితో దాన్నీ ఆపేయాలి. ఆ పని ఇంకొకరి చేతికి ఇవ్వనని తనే పట్టుబట్టింది.

అత్తగారు ఫోన్ చేసింది. "ఇంకెంతసేపమ్మా? నీకోసం తినకుండా కూర్చున్నా."

"అయిపోయింది అత్తయ్యా, వచ్చేస్తున్నా."

గుండె రాయి చేసుకుని, ఆ ద్వారాలను మూసేసే మందు చుక్కలు వేసింది. చప్పుడు ఆగిపోయింది. తీగ తీసింది, గిన్నె కడిగింది, స్పీకర్ ఆపేసింది. లైటు ఆర్పబోతుంటే మళ్లీ వినిపించింది. టక్, టక్, టక్. తర్వాత ఒక ఖాళీ.

స్పీకర్‌కి చెవి ఆనించింది. అందులో ఏమీ లేదు. చప్పుడు వెనకనుంచి వస్తోంది, ఎప్పుడూ అతని ఎదకు తన తల ఆనే ఎత్తునుంచి.

"మీ అమ్మ ఇంకా తినలేదు. ఇంటికి పోదాం పద," అంది మెల్లగా.

వెనక్కి మాత్రం తిరగలేదు. తిరిగితే ఎక్కడ ఆగిపోతుందోనని.